పత్మాసుకు ఓడ ఎప్పుడొస్తుంది?

ప్రకటన గ్రంథం మొదటి అధ్యాయం తొమ్మిదో వచనంలో పత్మాసు పేరు వస్తుంది. బైబిలు మొత్తంలో ఆ పేరు అక్కడ తప్ప మరెక్కడా కనబడదు. మేమిద్దరం ముప్పై ఏళ్లకు పైగా మా సంఘంలో ఆదివారపు బడి చెప్పినవాళ్లం. ఆ వచనం వచ్చినప్పుడల్లా పిల్లల్లో ఎవరో ఒకరు "ఆ దీవి ఎక్కడుంది? అక్కడికి పడవ ఉందా?" అని అడిగేవారు. గోదావరి పాయల మధ్య పుట్టిన పిల్లలు మరి, రేవు గురించి కాక ఇంకేమడుగుతారు? బైబిలు వెనకనున్న పటంలో ఒక చుక్క చూపించి, ఉండే ఉంటుందిలే అని దాటవేసేవాళ్లం.

పడవ ఉంది. ఆ సంగతి 2024 ఆగస్టులో మేమే ఎక్కి తెలుసుకున్నాము. అది ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు రాదో కూడా తెలుసుకున్నాము. ఇలా వెళ్లదలచిన కుటుంబాలు ఈమధ్య మన సంఘాలలో కనబడుతున్నాయి గనుక మాకు తెలిసినంత ఇక్కడ రాస్తున్నాము.

ముందుగా ప్రయాణం ఎలా కుదిరిందో చెప్పాలి. మా అమ్మాయి కువైట్లో నర్సు. పదకొండేళ్లయింది వెళ్లి. రెండేళ్లకొకసారి సెలవు. వచ్చిన నెలరోజులూ చుట్టాలతో, బ్యాంకు పనులతో, ఇంటి రిపేర్లతో గడిచిపోయి, అమ్మా కూతురూ తీరిగ్గా కూర్చుని మాట్లాడుకునేసరికి పెట్టె సర్దే రోజు వచ్చేస్తుంది. "ఈసారి నేను ఇంటికి రాను, మీరే రండి, ముగ్గురం కలిసి ఎక్కడికైనా వెళదాం" అని ఫోనులో అంది. ఎక్కడికంటే మా ఆవిడ ఆలోచించకుండా పత్మాసు అంది. ఖర్చంతా అమ్మాయిదే. వద్దన్నాం గాని వినలేదు.

మా దగ్గరి పట్టణంలో ఒక ట్రావెల్సు ఆయన్ని అడిగితే, "పత్మాసుకి ఒక్క పూట చాలండీ, పెద్ద ఓడలో తీసుకెళ్లి గుహ చూపించి సాయంత్రానికి ఎక్కించేస్తారు" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. టర్కీలోని కుషదాసి రేవు నుండి, అథెన్సు దగ్గరి రేవుల నుండి బయలుదేరే విహార నౌకలు పత్మాసు దగ్గర కొద్ది గంటలు ఆగుతాయి. వందల మంది ఒక్కసారి దిగి, బస్సుల్లో కొండెక్కి, గుహలో ఒకరి వీపు ఒకరు చూసి దిగివస్తారు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు, సామాను మోయలేనివారికి అది సుఖమే, కాదనము. కాని యోహాను పరవాసిగా ఉన్న దీవి ఎలాంటిదో తెలియాలంటే అక్కడ నిద్రపోయి లేవాలని మా అమ్మాయి పట్టుబట్టింది.

గ్రీసు దేశానికి మనవాళ్లకు షెంగెన్ వీసా కావాలి. 2024 జూన్ నుండి పెద్దవారికి దాని రుసుము 90 యూరోలు. బ్యాంకు లెక్కలు, రానుపోను టిక్కెట్లు, బస ఏర్పాటు, కనీసం 30 వేల యూరోల వైద్య బీమా చూపించాలి. పల్లెలో ఉండేవారు ఈ కాగితాలకు రెండు మూడు నెలల ముందే దిగాలి. మేము హైదరాబాదు నుండి దోహా మీదుగా అథెన్సు చేరాము. అమ్మాయి కువైటు నుండి వచ్చి విమానాశ్రయంలోనే మమ్మల్ని కలిసింది. వాళ్లమ్మను చూడగానే ఏడ్చింది. అంత ప్రయాణం చేసివచ్చినవాళ్లం మేము, ఏడ్చింది తను.

పత్మాసులో విమానాశ్రయం లేదు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే మిగతావి వాటంతటవే అర్థమవుతాయి. సముద్రం మీద తప్ప ఆ దీవికి దారి లేదు. దగ్గరలో సమొసు, కోసు, లేరోస్ దీవులకు విమానాలున్నాయి. అక్కడ దిగి చిన్న ఓడల్లో రావచ్చు. ఎక్కువమంది మాత్రం అథెన్సును ఆనుకొని ఉన్న పిరయస్ అనే మహా రేవు నుండి పెద్ద ఓడ ఎక్కుతారు. విమానాశ్రయం నుండి ఆ రేవుకు బస్సు రాత్రింబవళ్లు నడుస్తుంది. 2022 అక్టోబరు నుండి మెట్రో రైలు కూడా నేరుగా పోతోంది. రేవులో గేట్లకు అంకెలున్నాయి. ఒక గేటుకూ ఇంకొక గేటుకూ మధ్య కిలోమీటర్ల దూరం ఉండవచ్చు గనుక టిక్కెట్టు తీసుకునేటప్పుడే మీ ఓడ ఏ గేటు దగ్గర ఆగుతుందో అడిగి రాయించుకోండి. మేము అడగలేదు. ఎర్రటి ఎండలో పెట్టెలు లాక్కుంటూ అరగంట నడిచాము.

రేవులోని పలకల మీద పేర్లు చదువుతుంటే ఆశ్చర్యం వేసింది. కోసు, రొదు, సమొసు. అపొస్తలుల కార్యములు 20, 21 అధ్యాయాలలో పౌలు ఎక్కిన ఓడ తాకిన దీవులన్నీ అక్కడ వరుసగా బయలుదేరే వేళలతో సహా రాసి ఉన్నాయి. మనం వాక్యంలో పేర్లుగా చదివేవి వాళ్లకు ఊళ్లు. మా అమ్మాయి గ్రీకు అక్షరాలు కూడబలుక్కుంటూ, అల్ఫా ఎక్కడ, ఓమెగ ఎక్కడ అని ప్రతి బోర్డు మీదా వెదికింది. అథెన్సులో అల్ఫా పేరుతో ఒక బ్యాంకే ఉంది!

ఓడ వెనుక తలుపు రేవు మీదికి వంతెనలా వాలింది. లారీలు, కార్లు, స్కూటర్లు, మనుషులు అందరూ దాని మీదుగానే లోపలికి. మా సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కినట్టే అనిపించింది. కాకపోతే ఇది ఏడెనిమిది అంతస్తుల పంటు. సముద్రం మీద సుమారు ఏడెనిమిది గంటల ప్రయాణం. దారిలో వేరే దీవుల దగ్గర ఆగే ఓడలైతే ఇంకా ఎక్కువ పడుతుంది. మధ్యాహ్నమో సాయంత్రమో బయలుదేరేవి పత్మాసుకు అర్ధరాత్రి ప్రాంతంలో చేరతాయి. ఓడలో తిండి ఖరీదు. మేము అన్నం, ఆవకాయ డబ్బాలో తెచ్చుకున్నాము. ఎదురు కుర్చీలోని గ్రీకు మామ్మగారు వాసన చూసి నవ్వి, తన సంచిలోంచి జున్ను పెట్టిన రొట్టె ముక్క తీసి మా ఆవిడ చేతిలో పెట్టింది. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. రెండు గంటలు మాట్లాడుకున్నారు.

అర్ధరాత్రి దాటాక చీకట్లో కొండ మీద దీపాలు కనబడ్డాయి. అది యోహాను పేరిట ఉన్న మఠం. కింద స్కాలా రేవు. ఓడ అక్కడ ఎంతోసేపు ఆగదు. తలుపు వాలుతుంది, దిగేవాళ్లు దిగుతారు, ఎక్కేవాళ్లు ఎక్కుతారు, తలుపు లేస్తుంది. అందుచేత ఊరి పేరు వినబడగానే సామానుతో కిందికి దిగి తలుపు దగ్గర నిలబడాలి. నిద్రపోతే మరునాటి దీవిలో లేస్తారు. ఏ వేళకు దిగుతామో ముందే చెప్పి ఉంచాము కాబట్టి బస యజమానురాలు రేవుకే వచ్చింది.

దీవి చిన్నది. విస్తీర్ణం సుమారు 34 చదరపు కిలోమీటర్లు, జనం మూడు వేలు. మధ్యలో సన్నటి నడుము, రెండు వైపులా కొండలు. నడుము దగ్గరే స్కాలా. దుకాణాలు, బసలు, టాక్సీలు, బస్సులు, టిక్కెట్ల కొట్లు అన్నీ అక్కడే. కొండ మీద మఠం చుట్టూ తెల్లసున్నం ఇళ్లతో ఉన్న ఊరు హోరా. ఈ రెంటికీ మధ్య, సగం దారిలో, ప్రకటన గుహ. స్కాలా నుండి బస్సు గుహ మీదుగా హోరాకు, ఇంకా గ్రికోస్, కాంబోస్ అనే పల్లెలకు వెళుతుంది. రోజుకు కొన్నిసార్లే తిరుగుతుంది. కాలాన్ని బట్టి వేళలు మారతాయి గనుక దిగిన రోజే స్టాపు దగ్గర అంటించిన కాగితం చూసుకోవాలి. టాక్సీలు కొద్దే. పడుచువాళ్లు స్కూటర్లు అద్దెకు తీసుకుంటారు. మావంటివారికి బస్సూ, కాళ్లూ.

గుహకు రాళ్లు పరచిన పాత కాలిబాట ఉంది. బస్సు రోడ్డును అడ్డంగా కోసుకుంటూ చెట్ల నీడన పైకి పోతుంది. స్కాలా నుండి గుహకు ఇరవై నిమిషాలు, అక్కడి నుండి మఠానికి మరో ఇరవై నిమిషాలు అంటారు. మాకు రెట్టింపు పట్టింది. మోకాళ్లు బాగాలేనివారు బస్సులో హోరా దాకా ఎక్కి, ముందు మఠం చూసుకొని, బాట వెంట మెల్లగా దిగుతూ గుహకు రావడం మంచిది. మఠమూ గుహా సాధారణంగా ఉదయం తెరిచి మధ్యాహ్నం ఒకటిన్నర ప్రాంతంలో మూసేస్తారు. వారంలో కొన్ని రోజులే సాయంత్రం కూడా తెరుస్తారు. భుజాలు, మోకాళ్లు కనబడే బట్టలతో లోపలికి రానివ్వరు. పాశ్చాత్య స్త్రీలు పైన కప్పుకునే గుడ్డల కోసం వెదుక్కుంటుంటే మన చీరకట్టు నిక్షేపంగా లోపలికి పోయింది. మా ఆవిడ కొంచెం గర్వంగానే నడిచిందని చెప్పక తప్పదు.

గుహ గురించి ఉన్నదున్నట్టు రాస్తాము. యోహాను గుహలో ఉన్నాడని బైబిలులో లేదు. దీవి పేరుంది, కారణముంది, ప్రభువు దినమని ఉంది. గుహ మాట లేదు. గనుల్లో పని చేయించారని కొందరు గైడులు చెబుతారు. ఆ మాటా వాక్యంలో లేదు. గుహ సంగతి సంఘ పారంపర్యం. అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయంలోని ఏడుగురిలో ఒకడైన ప్రొకొరు పక్కన కూర్చుని రాశాడని ఆ తూర్పు సంఘంవారు నమ్ముతారు. రాతిలో మూడుగా చీలిన పగులును, తల ఆనించిన చోటని వెండి అంచు కట్టిన గుంటను చూపిస్తారు. గుహ చుట్టూ చిన్న ఆలయం కట్టారు. దీపాలు, పటాలు, ధూపం. వచ్చినవారు పటాలను ముద్దు పెట్టుకుంటున్నారు. మనకు ఆ అలవాటు లేదు. మేము ఒక పక్కన బల్ల మీద కూర్చున్నాము. ఎవరూ ఏమీ అనలేదు. ఫొటోలు తీయనివ్వరు, అదీ మంచిదే అయింది. అమ్మాయి చేతిసంచిలోంచి చిన్న తెలుగు బైబిలు తీసి మొదటి అధ్యాయం మెల్లగా చదివింది. పరవాసి అనే మాట దగ్గర ఆగి, మింగి, మళ్లీ చదివింది. వాళ్లమ్మ బైబిలు వైపు చూడలేదు, అమ్మాయి ముఖంలోకే చూస్తూ కూర్చుంది.

మఠం బయటి నుండి కోటలా ఉంటుంది. ఒకప్పుడు కోటే. 1088లో బైజాంటియం చక్రవర్తి అలెక్సియోస్ కొమ్నెనోస్ ఈ దీవిని క్రిస్తొదులోస్ అనే సన్యాసికి రాసిచ్చాడు. ఆ పేరుకు అర్థం అడిగితే, క్రీస్తుకు దాసుడు అన్నారు. మనూళ్లలో సంఘానికొక క్రీస్తుదాసు ఉంటాడు కదా! ఆ దానపత్రం ఇప్పటికీ అక్కడి ప్రదర్శనశాలలో ఉంది. సముద్రపు దొంగల భయంతో గోడలు అంత ఎత్తు కట్టారు. తరువాత దీవి శతాబ్దాలపాటు తురుష్కుల ఏలుబడిలో ఉండి, 1912లో ఇటలీ చేతికి, రెండవ ప్రపంచ యుద్ధం ముగిశాక 1948లో గ్రీసుకు వచ్చింది. 1999లో మఠాన్ని, గుహను, హోరాను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. రాజ్యాలు మారినా మఠం మూతపడలేదు.

మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టినది మార్కు సువార్త. ఆరవ శతాబ్దపు ప్రతి ఒకటి అక్కడుంది, 33 పత్రాలు. ఊదారంగు వేసిన తోలు మీద వెండి సిరాతో రాసినది. అదే పుస్తకంలోని మరి చాలా పత్రాలు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గులో ఉన్నాయట. ఒకే సువార్త ఇన్ని దేశాలకు విడిపోయింది. ఈ మఠం నుండి పుస్తకాలు ఓడలెక్కి పోవడం కొత్తేమీ కాదు. 895లో రాసిన ప్లేటో గ్రంథపు ప్రతిని క్లార్క్ అనే ఆంగ్లేయుడు 1801లో ఇక్కడి నుండి కొనుక్కుపోగా అది ఇప్పుడు ఆక్స్‌ఫర్డులో ఉంది.

ఇంతవరకు అనుకున్న ప్రకారమే జరిగింది. మూడో రాత్రి ఓడెక్కి, మరునాడు అథెన్సులో విశ్రాంతి తీసుకొని, ఆ మరునాడు అమ్మాయి కువైటుకు, మేము ఇంటికి. ఒక రోజు అదనంగా పెట్టుకున్నాము కదా అని ధీమాగా ఉన్నాము.

మూడో రోజు ఉదయం గాలి మొదలైంది. ఆ సముద్రంలో వేసవిలో ఉత్తరం నుండి వీచే గాలిని మెల్తెమి అంటారు. జూలై, ఆగస్టు నెలల్లో దాని జోరెక్కువ. మన తుపానులా మబ్బు, వాన ఏమీ ఉండదు. ఆకాశం కడిగిన పళ్లెంలా నీలంగా ఉంటుంది, ఎండ కాస్తూనే ఉంటుంది, గాలి మాత్రం కుర్చీలను ఎత్తి కొడుతుంది. గాలి బలం ఒక హద్దు దాటితే రేవు అధికారులు ముందు చిన్న వేగపు ఓడలను ఆపేస్తారు. ఎనిమిదో స్థాయికి చేరితే సాధారణంగా పెద్దవాటినీ ఆపుతారు. దానికి వాళ్ల మాట అపగొరెఫ్టికో, అంటే నిషేధం. ఆ రోజు స్కాలాలో అందరి నోటా ఆ మాటే. సాయంత్రం టిక్కెట్ల కొట్టుకు పోతే ఆయన చేతులు చాపి "అవ్రియో" అన్నాడు. రేపు అని అర్థం. మరునాడు పోయినా అదే మాట.

అమ్మాయి ముఖంలో రంగు పోయింది. డ్యూటీకి చెప్పిన రోజున చేరకపోతే ఏమవుతుందోనని దాని భయం. వచ్చే నెల కాంట్రాక్టు పొడిగింపు ఉంది. ఆసుపత్రికి ఫోను చేసింది. పై సిస్టరు విసుక్కుంది. సముద్రంలో గాలి అంటే నమ్మలేదు, బయట ఎండ కాస్తున్న ఫొటో పంపితే ఇంకా నమ్మలేదు. చివరకు ఒక్క రోజు ఇచ్చారు. విమానం టిక్కెట్టు మార్చడానికి అయిన డబ్బు తలచుకుంటే ఇప్పటికీ మాకు నిద్ర పట్టదు. కోసు దాకా వెళ్లి విమానం ఎక్కవచ్చు కదా అని అడిగాము. కోసుకు వెళ్లాలన్నా ఓడే కావాలి. మన ప్రాంతంలో వరదకు పంటు ఆపేస్తే రాజోలు మీదుగానో ఎటో చుట్టు తిరిగి పోతాము. ఇక్కడ చుట్టు తిరిగే దారి లేదు.

ఆ రాత్రి బసలో అమ్మా కూతురూ గొడవపడ్డారు. దాచిపెట్టి రాయడం ఎందుకు? "పదకొండేళ్లు చాలు, ఇంటికి వచ్చెయ్యి" అని తల్లి. "వస్తే ఇంటి అప్పు ఎవరు తీరుస్తారు? తమ్ముడి చదువు ఎవరు చూస్తారు?" అని కూతురు. "నేను అడిగానా?" అని తల్లి. "నువ్వు అడగలేదమ్మా, కాని వద్దని కూడా అనలేదు" అని కూతురు. ఆ మాటకు మా ఇద్దరి దగ్గరా జవాబు లేదు. బయట గాలి తలుపులు బాదుతూ ఉంది.

తెల్లవారాక చేసేదేమీ లేక బస్సెక్కి మళ్లీ హోరాకు పోయాము. బీచీలకు తీసుకుపోయే పడవలు కట్టేసి ఉన్నాయి. ముందు రోజు కాంబోస్ దాకా బస్సులో పోయి, అక్కడి నుండి నడిచి ఉత్తరపు ఒడ్డునున్న లాంబి చూసి వచ్చాము. రంగురంగుల గులకరాళ్ల తీరం అది. రాళ్లు ఏరుకుపోకూడదు అన్నారు. మా ఆవిడ కొంగున కట్టిన రెండింటినీ విప్పి అక్కడే పెట్టేసింది. ఇక చూడవలసినది మిగల్లేదు. మఠం ఎదుట, ఊరి చివర గోడ దగ్గర గాలికి ఓరగా నిలబడ్డాము.

అప్పుడు చూశాము. వచ్చిన మొదటి రెండు రోజులూ వేడికి సముద్రం మీద తెల్లటి పొగ ఆవరించి, పక్క దీవి కూడా మసకగానే ఉండేది. గాలి ఆ పొగనంతా ఊడ్చేసింది. ఈశాన్యంగా సమొసు పర్వతం నిలబడి ఉంది. దాని కుడిపక్క మరో కొండల వరుస. దారినపోయే ఒక పెద్దాయనను అడిగితే అమ్మాయికి ఇంగ్లీషులో చెప్పాడు, అది దీవి కాదు, ఆసియా ఒడ్డు అని. అంటే ఇప్పటి టర్కీ. ఆ కొండల అవతలనే ఎఫెసు. పత్మాసు నుండి సుమారు 100 కిలోమీటర్లు.

ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ. ఆదివారపు బడిలో పిల్లల చేత పాటలా వల్లె వేయించిన పేర్లు. ఆ వరుస ఊరికే వచ్చినది కాదని పండితుడు విలియం రామ్సే 1904లో వెలువడిన తన పుస్తకంలో చూపించాడు. దీవి నుండి ఉత్తరం పట్టుకొని పడవలో ఎఫెసు రేవున దిగిన మనిషి, రోడ్డు పట్టుకొని ఉత్తరంగా స్ముర్న, పెర్గము పోయి, అక్కడి నుండి తూర్పు దక్షిణాలకు తిరిగితే ఆ ఊళ్లు అదే వరుసలో వస్తాయి. ప్రకటన గ్రంథం కూడా ఒక ప్రయాణం చేసిందన్నమాట. దానికీ పడవ కావలసి వచ్చింది. ఆ పడవకూ గాలి అనుకూలించాలి. అపొస్తలుల కార్యములు 27లో ఊరకులోను అనే పెనుగాలి పౌలు ఓడను ఏమి చేసిందో మనకు తెలుసు.

దొమిషియను చక్రవర్తి పాలన చివరి రోజుల్లో యోహానుకు దర్శనం కలిగిందని రెండవ శతాబ్దంలో ఐరేనియస్ రాశాడు. దొమిషియను 96లో చనిపోయాడు, తరువాత నెర్వా కాలంలో అపొస్తలుడు ఎఫెసుకు తిరిగి చేరాడని సంఘ చరిత్రకారుడు యూసేబియస్ చెబుతాడు. ఎన్నాళ్లు ఈ దీవిలో ఉన్నాడో గాని, గాలి వీచిన ప్రతి రోజూ ఈ కొండెక్కితే తన సంఘాలున్న ఒడ్డు ఆయనకు కంటికి కనబడేది. గాలి వీచిన రోజున పడవ ఉండదు. పడవ ఉన్న రోజున ఒడ్డు కనబడదు.

మా ఆవిడ చాలాసేపు ఆ కొండల వైపే చూసింది. తరువాత అమ్మాయితో, "ఇందుకేనేమోనే, చివరన సముద్రం ఉండదని రాశాడు" అంది. ప్రకటన 21వ అధ్యాయం మొదటి వచనం ఆవిడ మనసులో ఉంది. అమ్మాయి ఏమీ అనలేదు. వాళ్లమ్మ చెయ్యి పట్టుకుని తన చున్నీలో చుట్టుకుంది. గాలికి ఇద్దరి కొంగులూ కలిసి ఎగురుతున్నాయి. ఆ గ్రంథానికి ఎన్ని వ్యాఖ్యానాలు చదివినా, సముద్రం ఎందుకు ఉండదో ఆ గోడ దగ్గర తెలిసినంత బాగా మాకు ఎన్నడూ తెలియలేదు. పండితులు దానికి వేరే అర్థాలు చెబుతారని మాకు తెలుసు. వాళ్లలో ఎంతమందికి కువైట్లో కూతుళ్లున్నారో మరి.

వెళ్లదలచినవారికి రెండు మాటలు. ఆగస్టులో వెళ్లకండి. గాలీ ఎక్కువ, జనమూ ఎక్కువ, గదుల ధరలూ ఎక్కువ. మే, జూన్ నెలలు గాని, సెప్టెంబరు చివర గాని మేలు. చలికాలంలో ఓడలు తగ్గుతాయి, చాలా బసలు మూసేస్తారు. దీవిని ప్రయాణంలో చివరకు పెట్టుకోకండి. ముందు పత్మాసు చూసుకొని, అథెన్సు, కొరింథు వంటివి తరువాత చూడండి. అప్పుడు ఓడ రెండు రోజులు ఆలస్యమైనా విమానం తప్పదు. మేము సరిగ్గా దానికి వ్యతిరేకంగా చేశాము. గాలి వల్ల ఆగిన ఓడకు టిక్కెట్టు డబ్బు తిరిగి ఇవ్వడమో, మరో ఓడకు మార్చడమో చేస్తారు, కంగారు పడనక్కరలేదు. రక్తపోటు, చక్కెర మాత్రలు నాలుగు రోజులకు అదనంగా తీసుకెళ్లండి. తిరుగు ప్రయాణానికి కొంచెం ఆవకాయ మిగుల్చుకోండి.

ఆ సాయంత్రం గాలి తగ్గింది. టిక్కెట్ల కొట్టాయన ఈసారి అవ్రియో అనలేదు. గడియారం చూపించి రెండు వేళ్లు ఎత్తాడు. రాత్రి రెండు గంటలకు స్కాలా రేవులో మూడు రోజుల జనం పెట్టెల మీద కూర్చుని ఉన్నారు. పసిపిల్లలు నిద్రపోతున్నారు. దూరాన దీపాలు కనబడగానే అందరూ లేచారు. ఓడ వెనక్కు తిరిగి, గొలుసులు మోగుతుండగా తలుపు వాల్చింది.

పిరయస్‌లో దిగేసరికి బాగా పొద్దెక్కింది. అమ్మాయి విమానానికి ఇంకా నాలుగు గంటలు. విమానాశ్రయంలో వాళ్లమ్మ తల దువ్వి జడ వేసింది, చిన్నప్పుడు బడికి పంపినట్టు. లోపలికి వెళుతూ అమ్మాయి వెనక్కి తిరిగి, "అమ్మా, ఈ కాంట్రాక్టు ఒక్కటే" అంది. అది 2026లో ముగుస్తుంది.